గెలిస్తే తప్ప మారని పాట

ముందే చెప్పేస్తున్నా, ఇది వీడియో గేముల గురించిన సోది. "ముప్పై అయిదు దాటాయి, ఓ పిల్ల తండ్రివి, ఇంకా ఆ బొత్తాలు నొక్కుడేంటి?" అని అడిగేవాళ్ళలో మా ఆవిడ మొదటి స్థానంలోనూ, మా అమ్మ రెండో స్థానంలోనూ ఉన్నారు. మూడో స్థానం ప్రస్తుతానికి ఖాళీ. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు :)

సంగతేంటంటే, పోయిన నెల ఓ స్నేహితుడింట్లో భోజనాలయ్యాక పెద్ద గొడవ జరిగింది. ఒక పక్క ఇళ్ళ ధరల చర్చ (ఎప్పుడూ ఉండేదే), ఇంకో పక్క రాజకీయాలు (ఇదీ ఎప్పుడూ ఉండేదే). మేం నలుగురం మాత్రం ఓ మూల చేరి, గేముల్లో వచ్చే బాస్ ఫైట్ సంగీతాల్లో అన్నిట్లోకీ గొప్పది ఏదని కొట్టుకున్నాం. ముగ్గురు ఒక వైపు, నేనొక్కణ్ణే ఒక వైపు. నా వాదన సగంలో ఉండగా పాప నిద్రకొచ్చి ఏడుపు మొదలుపెట్టింది, మా ఆవిడ కారు తాళాలు చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి కారు దిగుతుంటే, చెప్పాల్సిన పాయింట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవే ఇవి.

గేముల వాసన తగలని వాళ్ళ కోసం ఒక్క ముక్క. బాస్ అంటే ఆఫీసులో స్టేటస్ అడిగే పెద్దమనిషి కాదు. గేములో ఒక్కో ఘట్టం చివర దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు. వాణ్ణి ఓడిస్తేగానీ ముందుకు పోలేం. అందరికన్నా చివర వచ్చేవాడు ఫైనల్ బాస్. మన సినిమాల్లో క్లైమాక్సు ఫైటు లాంటిదన్నమాట. వాడొచ్చాడంటే సంగీతం మారిపోతుంది. ఆ సంగీతం గురించే మా గొడవ.

ఆ ముగ్గురి ఓటూ 'వన్ వింగ్డ్ ఏంజెల్'కి. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7లో సెఫిరాత్ అనే విలన్‌తో చివరి యుద్ధంలో వస్తుంది. లాటిన్‌లో కోరస్, గుండెల మీద గుద్దినట్టు ఉండే ఆ మొదటి స్వరాలు... గేముల సంగీతంలో అంత పేరొచ్చిన పాట ఇంకోటి ఉండకపోవచ్చు. నా ఓటు దానికన్నా మూడేళ్ళు ముందొచ్చిన ఫైనల్ ఫాంటసీ 6లోని 'డాన్సింగ్ మాడ్'కి. తమాషా ఏంటంటే రెండూ రాసింది ఒక్కరే, జపాన్‌కి చెందిన నోబువో ఉయెమాట్సు. 1959లో పుట్టారు. బడికెళ్ళి సంగీతం నేర్చుకున్నవారు కాదు, పియానో తనంతట తనే పట్టుకున్నారు. ఫైనల్ ఫాంటసీ 6 సంగీతం మొత్తం ఆయనొక్కరే కట్టారు. కాబట్టి ఎవరు గెలిచినా పూలదండ ఆయన మెడలోనే పడుతుంది.

ఈ గేము 1994లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. అదే ఏడు అమెరికాలో సూపర్ నింటెండో మీదకి వచ్చేసరికి పేరు 'ఫైనల్ ఫాంటసీ 3' అయింది. మధ్యలో కొన్ని భాగాలు ఇక్కడికి రాలేదు కాబట్టి ఇక్కడి లెక్కలో అది మూడోదన్నమాట. నేను ఆడింది 1994లో కాదు లెండి. అప్పటికి నేను తెనాలి దగ్గర మా ఊళ్ళో పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నా. 2017లో నింటెండో వాళ్ళు పాత గేములు 21 పెట్టి, అరచేతిలో పట్టేంత సూపర్ నింటెండో క్లాసిక్ పెట్టె ఒకటి అమ్మారు. ఎమ్మెస్‌లో నా రూమ్మేటుగా ఉన్నవాడు నా పెళ్ళికి దాన్నే కానుకగా ఇచ్చాడు. పట్టుచీర వస్తుందనుకున్న మా ఆవిడ మొహం ఆ రోజు మీరు చూడాల్సింది.

ఇందులో విలన్ పేరు కెఫ్కా. మొదట్లో వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. రంగురంగుల బట్టలేసుకుని, మొహానికి రంగు పూసుకుని, చక్రవర్తి కొలువులో ఉండే విదూషకుడి వేషం. వెకిలి నవ్వొకటి. ఇలాంటివాడు చివరిదాకా ఎక్కడుంటాడు, మధ్యలోనే పోతాడనుకుంటాం. తీరా సగం గేములో వాడు చక్రవర్తిని చంపేసి, లోకాన్ని ముక్కలు ముక్కలు చేసి, తనే దేవుడై కూర్చుంటాడు. హీరోలు లోకాన్ని కాపాడలేకపోతారు. మిగతా సగం గేము ఆ శిథిలాల్లో తిరుగుతూ, చెల్లాచెదురైన మనవాళ్ళని ఒక్కొక్కళ్ళనే వెతికి పోగుచేసుకోవడం. అందరం కలిసి మూడు జట్లుగా వాడి గోపురం ఎక్కితే అప్పుడొస్తుంది చివరి యుద్ధం.

ఆ యుద్ధం నాలుగు అంతస్తులు. ఒక్కో అంతస్తులో వింత వింత విగ్రహాల్లాంటి ఆకారాలు. ఒకటి కూల్చితే తెర పైకి జరిగి ఇంకోటి వస్తుంది. మూడోదాన్ని చూస్తే మైకెలాంజెలో చెక్కిన, ఏసుని ఒళ్ళో పెట్టుకున్న మేరీమాత విగ్రహం గుర్తొస్తుంది. అన్నిటికన్నా పైన రెక్కలతో కెఫ్కా. 'డాన్సింగ్ మాడ్'కి కూడా నాలుగు భాగాలు, అంతస్తుకొకటి. 1994లో వచ్చిన మూడు సీడీల ఆల్బంలో ఈ ఒక్క పాటే 17 నిమిషాల పైన ఉంటుంది.

మొదటి భాగం ఆర్గన్‌తో మొదలవుతుంది. గేము పెట్టగానే, పేర్లు పడకముందు విన్న ఆర్గన్ స్వరాలు ఇక్కడ మళ్ళీ వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టామో గుర్తుచేస్తున్నట్టు. వెనక ఓ గుంపు 'ఆ...' అంటున్నట్టు కోరస్. రెండో భాగంలో తాళం పరుగెత్తుతుంది. అందులో కెఫ్కాకి మొదట్నుంచీ ఉన్న ఆ కోతిచేష్టల బాణీ మెలికలు తిరిగి వినిపిస్తుంది. మూడోది ఆర్గన్ ఒక్కటే, బాక్ చర్చిలో కూర్చుని వాయించినట్టు, ఒక చేతి వెంట ఇంకో చేయి పరుగెడుతూ. నాలుగోది డ్రమ్ములూ ఆర్గనూ కలిసిన రాక్. ఎమర్సన్ లేక్ అండ్ పామర్ లాంటి డెబ్భైల నాటి బ్యాండ్లంటే ఉయెమాట్సుకి ఇష్టం, ఆ ఇష్టం ఇక్కడ దాగలేదు.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెప్తారు. నా అసలు వాదన ఇప్పుడు.

సినిమాకి నేపథ్య సంగీతం చేసే ఆయన ముందు కోసి కూర్చిన రీలు ఉంటుంది. హీరో కొండ మీంచి దూకేది ఎన్నో సెకనులోనో, విలన్ తల పగిలేది ఎన్నో సెకనులోనో ఆయనకి తెలుసు. లెక్క చూసుకుని సరిగ్గా అక్కడ వయొలిన్లు లేపుతాడు. గేముకి సంగీతం చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఆడేవాడు గట్టివాడైతే ఆ అంతస్తు రెండు నిమిషాల్లో కూలుతుంది. నాలాంటి వాడైతే పావుగంట. మధ్యలో ఫోనొస్తే కంట్రోలర్ పక్కన పెట్టి వెళ్ళిపోతాడు కూడా. అంటే ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా పాట కట్టాలి. చివరికొచ్చి మళ్ళీ మొదటికి తిరిగేటప్పుడు అతుకు కనపడకూడదు. నూరోసారి తిరిగినా చిరాకు పుట్టకూడదు. అలాగని జోకొట్టకూడదు, అవతల యుద్ధం జరుగుతోంది మరి.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సూపర్ నింటెండోలో ధ్వని కోసం విడిగా ఓ భాగం ఉండేది. దాన్ని రూపొందించింది సోనీలో పనిచేసిన కెన్ కుతరాగి (తర్వాత ప్లేస్టేషన్‌కి తండ్రి అనిపించుకున్నదీ ఆయనే). దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. మా పెదనాన్న రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీ పువ్వు బొమ్మ తరచు అంతకన్నా పెద్దదే ఉంటుంది. ఆ 64లోనే వాయిద్యాల శబ్దాల ముక్కలు, ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పే సూచనలు, వాటిని నడిపే ప్రోగ్రాము, అన్నీ ఇమడాలి. ఒకేసారి పలకగలిగేవి ఎనిమిది గొంతులు. కత్తి దెబ్బ చప్పుడైనా, మంత్రం చప్పుడైనా ఆ ఎనిమిదిలోంచే రావాలి. కాబట్టి 'డాన్సింగ్ మాడ్' ఎక్కడో రికార్డు చేసి పెట్టిన పాట కాదు. అది అప్పటికప్పుడు, మన ముందు, ఎనిమిదిమంది ఇరుకు గదిలో కూర్చుని వాయిస్తున్న పాట. మనం ఎంతసేపు ఆడితే అంతసేపు.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. ఊరికే గుర్తు రాడు, కారణం ఉంది.

మా తాతయ్య (అమ్మ వాళ్ళ నాన్న) పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఉత్సవాలకీ తిరునాళ్ళకీ పందిళ్ళలో రాయబారం సీను ఉంటే తాతయ్యకి కబురొచ్చేది. కాళ్ళతో తొక్కే హార్మోనియం, స్టేజీకి ఓ పక్కన. చిన్నప్పుడు నన్ను పక్కనే ఓ బల్ల మీద కూర్చోబెట్టేవాడు. కృష్ణుడి వేషగాడు పద్యం ఎత్తుకుంటాడు. పద్యం నాలుగు పాదాలే. కానీ ఆయన చివరి అక్షరం పట్టుకుని రాగం తీయడం మొదలుపెడితే అది ఎప్పుడు దిగుతుందో ఆయనకే తెలీదు. జనం చప్పట్లు కొడితే ఇంకాస్త పైకి పోతాడు. "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదట్నుంచి. తాతయ్య కాళ్ళు మాత్రం ఆగకూడదు. ఆయన ఊపిరి తీసుకునే సందులో హార్మోనియం నిండాలి, ఆయన అందుకోగానే కిందకి తగ్గాలి. తెల్లవారుజామున ఇంటికొచ్చాక అమ్మమ్మ వేడినీళ్ళు పెట్టేది, కాళ్ళు పీకేసేవి మరి.

'డాన్సింగ్ మాడ్' మూడో భాగం మొదటిసారి విన్నప్పుడు నాకు చర్చి గుర్తుకు రాలేదు. చర్చి ఆర్గన్ నేను అంతకుముందు ఎదురుగా విన్నది లేదు. నాకు గుర్తొచ్చింది మా తాతయ్య పెట్టె. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. హార్మోనియం కూడా పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి మన దేశానికి వచ్చిందే. ఆర్గన్‌లో గాలి గొట్టాల్లోంచి పోతుంది, హార్మోనియంలో లోహపు నాలికల మీంచి పోతుంది. రెంటికీ ఊపిరి గాలే.

ఇక్కడిదాకా చెప్తే ఆ రోజు మా వాళ్ళు "సెంటిమెంటు కొట్టకు" అన్నారు. సరే, సెంటిమెంటు కాని కారణం చెప్తా.

2023 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఒక సోమవారం పదింటికి పిలిచారు, పదీ పదికల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరున పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. పాపకి అప్పటికి ఏడాదిన్నర. పగలంతా రెజ్యూమేలు, ఫోన్లు, "మీ వీసా స్టేటస్ ఏంటి" అనే ప్రశ్న, దానికి జవాబు చెప్పగానే అవతలి గొంతులో వచ్చే ఆ చిన్న తేడా. రాత్రి అందరూ పడుకున్నాక నిద్ర పట్టేది కాదు. అలమరలో ఆ బుల్లి పెట్టె కనపడింది. పాప పుట్టకముందు కెఫ్కా గోపురం దాకా ఆడి వదిలేసిన గేము అందులో అలాగే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నా.

ఓడిపోయాను. మర్నాడు రాత్రి మళ్ళీ ఓడిపోయాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆటని ఆపి దాచుకునే సదుపాయం ఆ పెట్టెలో ఉంది. కానీ ఎందుకో మొండిగా, దాన్ని వాడకూడదనుకున్నా. ఓడితే చివరి సేవ్ పాయింట్ నుంచి మళ్ళీ నడక. అందువల్ల మొదటి భాగం నాకు కంఠతా వచ్చేసింది. రెండోది బాగా తెలుసు. మూడోది కొంచెం తెలుసు. నాలుగోది వినడానికి రెండు వారాలు పట్టింది.

ఆ రాత్రుల్లోనే ఈ పాట గొప్పదనం నాకు తెలిసింది. కెఫ్కా దగ్గర ఓ అస్త్రం ఉంది. అది వేస్తే మన జట్టులో నలుగురి ప్రాణశక్తీ ఒక్క దెబ్బకి 1కి పడిపోతుంది. వేలల్లో ఉన్నది 1. ఆ తర్వాత చీమ కుట్టినా చచ్చిపోతాం. ఆ క్షణంలో పాట ఏం చేస్తుందో తెలుసా? ఏమీ చెయ్యదు. అదే తాళం, అదే వేగం, ఎక్కడుందో అక్కణ్ణుంచే సాగుతుంది. భయపెట్టదు, జాలిపడదు. ఈ పాట ఒక్క కారణానికే మారుతుంది, మనం ఓ అంతస్తు గెలిస్తే. మనకి ఏం జరిగిందన్నది దానికి పట్టదు, మనం ఏం చేశామన్నదే దానికి లెక్క.

ఈ రోజుల్లో చాలా గేముల్లో సంగీతం తెలివిమీరింది. పొరలు పొరలుగా కడతారు. మనం బలహీనపడితే ఒక పొర, గెలుస్తుంటే ఇంకో పొర. పనితనం పరంగా అది గొప్ప విషయమే, అది రాసే ప్రోగ్రామర్లకి నా నమస్కారాలు. కానీ పగలంతా నా పరిస్థితిని బట్టి గొంతు మార్చే మనుషులతో మాట్లాడి వచ్చినవాడిగా చెప్తున్నా, రాత్రిపూట నాకు నా పరిస్థితి తెలిసిన సంగీతం అక్కర్లేదు. నాకేమైనా తన మానాన తను వాయిస్తూ, నేను లేచేదాకా అక్కడే ఉండే సంగీతం చాలు.

ఇంకోటి కూడా ఉంది. ఈ గేములో జట్టంతా చచ్చి, పాత సేవ్ పాయింట్‌కి వెళ్ళినా, అప్పటిదాకా పోరాడి సంపాదించిన అనుభవం మాత్రం పోదు. పాత్రల లెవెల్ అలాగే ఉంటుంది. ఎవరు పెట్టారో ఆ నియమం, వాళ్ళ కడుపు చల్లగుండ!

ఇప్పుడు అవతలి వర్గం వాదనకి వద్దాం. 'వన్ వింగ్డ్ ఏంజెల్'లో మనుషుల గొంతులున్నాయి, మాటలున్నాయి. కొన్ని మాటలు 'కార్మినా బురానా' అనే మధ్యయుగపు లాటిన్ పద్యాల్లోంచి తీసుకున్నవి. చిన్న చిన్న సంగీతపు ముక్కలు విడివిడిగా రాసుకుని, తర్వాత వరస కుదిర్చి అతికించానని ఉయెమాట్సు చెప్పారు. స్ట్రావిన్‌స్కీ, జిమీ హెండ్రిక్స్ ఇద్దరి ప్రభావమూ ఉందనీ చెప్పారు. అద్భుతమైన పాట, కాదనేవాడు మూర్ఖుడు. కానీ అది సెఫిరాత్ పాట. వాడి ప్రవేశానికి కొట్టిన భాజాలు. వాడి పేరే కోరస్‌గా అరుస్తుంటే నేను జనంలో నిలబడి చూస్తున్నట్టుంటుంది. 'డాన్సింగ్ మాడ్'లోనూ కెఫ్కా బాణీ ఉంది, కాదనను, కానీ మెట్టు మెట్టుకీ మారుతున్న ఆ పాట నడుస్తున్నది నా అడుగుల లెక్కన. ఎక్కుతున్నది నేను.

రెండో వాదన, ఆర్కెస్ట్రాలు. 2007లో స్టాక్‌హోమ్‌లో మొదలైన 'డిస్టంట్ వరల్డ్స్' కచేరీలు ఫైనల్ ఫాంటసీ సంగీతాన్ని ఊరూరా తిప్పుతున్నాయి. 2010లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బంలో 'డాన్సింగ్ మాడ్' కూడా ఉంది. 2022లో వచ్చిన కొత్త పిక్సెల్ రీమాస్టర్ గేములో కూడా పాటలన్నీ కొత్త వాయిద్యాలతో మళ్ళీ చేశారు. "అసలైన ఆర్గన్, అసలైన కోరస్ ఉండగా ఆ పాత కీచు శబ్దం ఎందుకురా" అని మా వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వినడానికి అవి ఎంత బాగుంటాయో నాకూ తెలుసు. కానీ కచేరీలో ఆ పాటకి ముగింపు ఉంది. కండక్టరు చేతులు దించుతాడు, చప్పట్లు కొడతాం. మొదటి భాగం నుంచి రెండోదానికి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతారు, నేనేమీ గెలవక్కర్లేదు. బస్సులో కొండెక్కినట్టు. తిరుమల బస్సులో వెళ్ళినా దర్శనం దర్శనమే, నేనూ చాలాసార్లు బస్సులోనే వెళ్ళా. కానీ మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర వినపడే గోవిందనామం వేరుగా ఉంటుంది కదా. నేననేది అదే.

ఇంతవరకూ నా వాదనకి తిరుగులేదనుకున్నా. దానికి చిల్లు పెట్టింది మా తాతయ్యే.

ఆ 60 రోజుల్లోనే ఓ ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుతూ, ఉద్యోగం సంగతి చెప్పకుండా ఉండటానికి ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "తాతయ్యా, ఓ పాట వినిపిస్తా, ఎలా ఉందో చెప్పు" అన్నా. మూడో భాగం పెట్టా. గేమని చెప్పలేదు. తాతయ్యకి తొంభై దగ్గర పడ్డాయి, చెవులు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. వేళ్ళు దుప్పటి మీద కదులుతున్నాయి.

"ఎవర్రా వాయించేది?" అన్నాడు.

"ఎవరూ కాదు తాతయ్యా, మెషీను."

"అదీ అనుకున్నా. వేళ్ళు బాగున్నాయిరా. కానీ వాడెక్కడా గాలి తీసుకోవడం లేదు. తొక్కేవాడికి కాలు నొప్పెట్టే చోటు ఒకటుంటుంది, అక్కడ స్వరం కాస్త వాలుద్ది. వీడికి వాలలేదు."

నాకు నోట మాట రాలేదు. నేను ఇన్ని రాత్రులు ఓపిక, ఓపిక అని మురిసిపోయింది దేని గురించి? 64 కిలోబైట్ల చిప్పుకి ఓపికేమిటి? కరెంటున్నంతసేపూ తిరుగుతుంది, అంతే. వేషగాడి కోసం మా తాతయ్య ఆగడం ఓపిక. ఎందుకంటే ఆయనకి కాళ్ళు పీకేవి, ఆపేద్దామని కూడా అనిపించి ఉంటుంది. చిప్పుకి ఏమీ అనిపించదు.

దీనికి చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది, పూర్తిగా కాదు. ఓపిక ఆ చిప్పుది కాదు, ఉయెమాట్సుది. ఆ భాగం చివరి స్వరం నుంచి మొదటి స్వరానికి తిరిగే మలుపు, ఎక్కడో ఎవడో నూరోసారి వింటాడని తెలిసి కట్టినది. వాడు ఓడిపోతూ ఉంటాడని, విసిగి ఉంటాడని, అయినా ఇంకోసారి మొదలుపెడతాడని ముందే ఊహించి కట్టినది. ఆ పనేదో ఆయన 1994కి ముందే, నాకోసం ప్రత్యేకించి కాకపోయినా, చేసి పెట్టి వెళ్ళారు. నేను రాసే కోడ్‌లో అలాంటి ఆలోచన ఎంత ఉందా అని అప్పుడప్పుడు అనుకుంటుంటా. అర్ధరాత్రి మా ఎర్రర్ మెసేజ్ చూసేవాడి మొహం నేనెప్పుడైనా ఊహించానా అని.

అయినా తాతయ్య అన్నది తప్పనలేను. స్వరం వాలే చోటు ఈ పాటలో లేదు. అది దీని లోటే. ఆర్కెస్ట్రా వాళ్ళు వాయించినప్పుడు అది ఉంటుంది. అందుకని మా వాడికి అర మార్కు ఇచ్చేస్తున్నా. మిగతా మార్కులు మాత్రం నావే.

ఆ తర్వాత ఏమైందంటే, యాభై రెండో రోజున ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీ నా పిటిషన్ వేసింది. జీతం ముందుకన్నా తక్కువ. కెఫ్కాని ఓడించింది ఆ రోజు కాదు, అంతకు పది రోజుల ముందు, ఏ విశేషమూ లేని ఓ మంగళవారం రాత్రి. రెండింటికీ సంబంధమేమీ లేదు. పాట వల్ల ఉద్యోగం వచ్చిందని చెప్తే మీరు నవ్వుతారు, నవ్వాలి కూడా. కెఫ్కా కూలిపోయి పాట ఆగినప్పుడు గదిలో ఫ్రిజ్ చప్పుడు వినపడింది. అంతసేపూ అది అక్కడే మోగుతోందని అప్పుడే తెలిసింది. వెళ్ళి పాప దుప్పటి సర్ది పడుకున్నా. మర్నాడు తొమ్మిదిన్నరకి ఇంటర్వ్యూ ఉంది. అందులో తీసుకోలేదు.

ఉద్యోగం వచ్చాక తాతయ్యకి మొత్తం సంగతి చెప్పా. "అప్పుడే చెప్పొద్దూ, ఆ మిషను పాటతో సరిపెట్టావు" అని తిట్టాడు. తర్వాత ఓ నిమిషం ఆగి, "అది ఇంకోసారి పెట్టు" అన్నాడు.

కాబట్టి అధ్యక్షా, నా ఓటు 'డాన్సింగ్ మాడ్'కే. వినని వాళ్ళు వినండి. పాతదే వినండి, సూపర్ నింటెండోది. నాలుగూ ఒక్కసారే వినకుండా మొదటి భాగం ఒక్కటే ఓ నాలుగు రోజులు విని, ఆ తర్వాత రెండోదానికి వెళ్ళండి. గేము ఆడే ఓపిక లేనివాళ్ళకి నాకు తెలిసిన దగ్గరి దారి ఇదొక్కటే. ఇంట్లో హార్మోనియం వాయించే పెద్దవాళ్ళుంటే మూడో భాగం వాళ్ళకీ పెట్టి చూడండి. వాళ్ళు ఏమన్నారో నాకు చెప్పడం మాత్రం మర్చిపోకండి.